ఆలుమగల భోజనము: కుండ యొక్కటి, కొలతలు రెండు

దుక్కులకాలము వచ్చినంతనే రైతు తన యెడ్లకు ఉలవలు ఉడికించి పెట్టును. పనిలేని దినములలో వట్టి గడ్డితో సరిపెట్టును. పాలిచ్చు గేదెకు తవుడును తెలకపిండియు కలిపి కుడితి పెట్టును. వట్టిపోయిన గేదెకు ఆ కుడితిని తగ్గించును. చేయు పనినిబట్టియు దేహస్థితినిబట్టియు మేత మారవలెనని అతనికి ఎవరును బోధింప నక్కరలేదు. అది తరతరములుగా అతడెరిగిన సంగతియే. అయినను, అదే యింటిలో మనుష్యుల భోజనముమాట వచ్చునప్పటికి ఈ యెరుక మరుగున పడుచున్నది. అక్కడ పనిని చూచి వడ్డించుట లేదు. వాడుకను చూచి వడ్డించుచున్నారు. మగవానికి ఎప్పుడును ఎక్కువ, ఆడుదానికి ఎప్పుడును మిగిలినంత యనునదియే మన పల్లెలలో చాలయిండ్ల వాడుకగా నున్నది.

ఆలుమగలకు ఒకే కుండలో వండుకొని, ఒకే చోట కూర్చుండి భుజించుట మంచి అలవాటు. దానిని మేము తప్పుపట్టుట లేదు సరికదా, ఆ యలవాటు లేనియిండ్లలో దానిని క్రొత్తగా ఆరంభింపవలసినదని కోరుచున్నాము. అయితే ఒకే కుండలో వండుకొన్నంత మాత్రమున ఇద్దరకును ఒకే కొలత సరిపోదు. ఇద్దరి కంచములలోను ఏది సమముగా నుండవలెను, ఏది హెచ్చుతగ్గులుగా నుండవలెను, ఆ హెచ్చుతగ్గులను ఎట్లు నిర్ణయించుకొనవలెను అను మూడు విషయములను ఈ పాఠమున వివరించెదము.

1. కెలోరీ యనగా నేమి?

దూరమును మైళ్లతోను కిలోమీటర్లతోను, ధాన్యమును కాటాతోను కొలిచినట్లే, ఆహారమువలన దేహమునకు లభించు శక్తిని కెలోరీలతో కొలుతురు. ఒక కిలోగ్రాము నీటిని ఒక్క సెంటిగ్రేడు డిగ్రీ వేడెక్కించుటకు వలయు ఉష్ణమును ఆహారశాస్త్రమున ఒక కెలోరీ యందురు. పొయ్యిలో కట్టె కాలి వేడి నిచ్చునట్లే మనము తిన్న ఆహారము దేహములో మెల్లగా దగ్ధమై శక్తి నిచ్చును. ఆ శక్తితోనే గుండె కొట్టుకొనును, ఊపిరి ఆడును, చేయి పార నెత్తును.

ఒక గ్రాము పిండిపదార్థము సుమారు 4 కెలోరీల నిచ్చును. ఒక గ్రాము మాంసకృత్తులును 4 కెలోరీల నిచ్చును. ఒక గ్రాము క్రొవ్వు, అనగా నూనె గాని నెయ్యి గాని, 9 కెలోరీల నిచ్చును. ఈ లెక్కన 100 గ్రాముల బియ్యము, జొన్నలు, రాగులు వీనిలో నేదైనను సుమారు 320 మొదలు 350 కెలోరీల వరకు ఇచ్చును. 100 గ్రాముల కందిపప్పును దాదాపు అంతే శక్తి నిచ్చును. అట్లయిన బియ్యమునకును పప్పునకును భేదమేమని కొందరు ప్రశ్నింపవచ్చును. భేదము మాంసకృత్తులలో నున్నది. 100 గ్రాముల బియ్యములో అవి 7, 8 గ్రాములు మాత్రమే. కందిపప్పులో సుమారు 22 గ్రాములు. శక్తి కొరకు బియ్యమున్నను, కండను రక్తమును నిలుపుటకు పప్పు వలయును. ఈ భేదమును చదువరులు మనసున నుంచుకొనవలెను. ఈ పాఠమంతయు దీనిపై నాధారపడి యున్నది.

2. ఎవరి కెంత వలయును?

మన దేశస్థుల ఆహారావసరములను నిర్ణయించు సంస్థ మన తెలుగుదేశముననే యున్నది. 1918వ సంవత్సరమున డాక్టరు మెక్ కారిసన్ నీలగిరులలోని కూనూరులో, తెల్లగా మరపట్టిన బియ్యమును తినువారికి సోకు బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకై ఒక చిన్న పరిశోధనశాల నారంభించెను. అది క్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు దాల్చినది. ఆ సంస్థయు, భారత వైద్య పరిశోధన మండలియు కలిసి 2020లో ప్రకటించిన లెక్కలనే మేమిచట గ్రహించుచున్నాము. ఇవి 65 కిలోల బరువుగల పురుషునకును, 55 కిలోల బరువుగల స్త్రీకిని, ఒక్క దినమునకు వలయు కెలోరీలు.

కూర్చుండి చేయు తేలిక పనికి: పురుషునకు 2110, స్త్రీకి 1660.

మధ్యమ శ్రమకు: పురుషునకు 2710, స్త్రీకి 2130.

బరువు శ్రమకు: పురుషునకు 3470, స్త్రీకి 2720.

ఈ మూడు వరుసలను పైపైన చదివినవారు, మగవానికి ఎక్కువ వలయునను మన వాడుకయే సరియైనదని తలంతురు. ఒకే విధమైన పనిచేయునప్పుడు ఆ మాట నిజమే. పురుషుని దేహము బరువైనది, అందు కండ యెక్కువ. కావున ఊరక కూర్చున్నను అది ఎక్కువ శక్తిని వ్యయము చేయును. కాని ఈ వరుసలను అడ్డముగా గాక ఏటవాలుగా చదివి చూడుడు. మధ్యమ శ్రమ చేయు స్త్రీకి 2130. తేలిక పని చేయు పురుషునకు 2110. బరువు శ్రమ చేయు స్త్రీకి 2720. మధ్యమ శ్రమ చేయు పురుషునకు 2710. అనగా స్త్రీ పురుషునికంటె ఒక్క మెట్టు ఎక్కువ శ్రమ చేసినయెడల, వారి యిరువురి యవసరములును సమానమగుచున్నవి. రెండు మెట్లు ఎక్కువ చేసినయెడల, ఆమెకే దినమునకు 610 కెలోరీలు ఎక్కువ వలయును.

సంవత్సరము పొడుగునను సరాసరి చూచినయెడల సామాన్యపు సేద్యపుపనిని శాస్త్రజ్ఞులు మధ్యమ శ్రమగా నెంచుదురు. కట్టెలు కొట్టుట, రాళ్లు పగులగొట్టుట, గని త్రవ్వుట మొదలగునవి బరువు శ్రమలు. అయితే సేద్యము ఏడాది పొడుగునను ఒక్కతీరున నుండునది కాదు. పొద్దుపొడిచినది మొదలు పొద్దుక్రుంకు వరకు బురదలో నడుము వంచి నాట్లు వేసి, ఇంటికి వచ్చి నీరు మోసి వంట చేసిన స్త్రీయొక్క శ్రమ, ఆ దినములలో మధ్యమమును దాటి బరువు శ్రమకు సమీపించును. ధాన్యపు బస్తాలు మోసిన దినమున పురుషుని శ్రమయు నట్టిదే. కావున ఈ మెట్లను కంచెలవలె గాక మైలురాళ్లవలె గ్రహింపవలెను.

3. పనులు మారినవి, కొలతలు మారలేదు

మన తాతలకాలమున దుక్కి దున్నుట, మోట తోలుట, కుప్ప నూర్చుట మగవారి పనులు. అవి మిక్కిలి శ్రమతో కూడినవి. ఆ దినములలో ఇంటి యజమానునకు పెద్దకంచము పెట్టుట న్యాయమే. నేడు చాల గ్రామములలో దుక్కిని ట్రాక్టరు దున్నుచున్నది, నీటిని కరెంటు మోటారు తోడుచున్నది, కోతయు నూర్పును యంత్రమే చేయుచున్నది. మగవాని శ్రమలో పెద్దభాగమును యంత్రములు తీసికొన్నవి. స్త్రీల పనులలో అంత మార్పు రాలేదు. నాటు వేయు యంత్రములు కొన్ని చోట్లకు వచ్చినను, నాట్లు, కలుపుతీత, ప్రత్తితీత, మిరపకోత నేటికిని చాలవరకు ఆడువారి చేతులమీదనే జరుగుచున్నవి. వీనికితోడు పశువులపని, ఇంటిపని యుండనే యున్నవి.

ఇట్లు పనులు తారుమారైనను కంచములు తారుమారు కాలేదు. ట్రాక్టరును కిరాయికి మాట్లాడి గట్టుమీద నిలిచియున్న రైతు, నాగలి పట్టిన తండ్రి తిన్నంత అన్నమును నేటికిని తినుచున్నాడు. ఖర్చుకాని శక్తి ఎచటికిని పోదు. అది క్రొవ్వుగా మారి నడుముచుట్టును చేరును. దినమునకు 250 కెలోరీలు, అనగా 70 గ్రాముల బియ్యమంత, అదనముగా తినుచు వచ్చినయెడల, నెలకు ఇంచుమించు ఒక కిలో క్రొవ్వు పేరుకొనుటకు అది చాలును. 2023లో ప్రకటింపబడిన దేశవ్యాప్త పరిశోధన ప్రకారము మన దేశమున మధుమేహము గలవారు పదికోట్లకు పైబడియున్నారు. ఒకప్పుడు పట్టణపు సుఖజీవుల రోగమనుకొన్న ఆ వ్యాధి నేడు పల్లెలలోను వ్యాపించినది. ఆ వ్యాధికి కారణములు పెక్కులు గలవు. అందు శ్రమ తగ్గినను ఆహారము తగ్గకపోవుట యొకటి.

4. పనినిబట్టి అన్నము, పప్పుకూరలు సమము

ఇప్పుడు రెండవ సంగతిని చూతము. శక్తి విషయమున స్త్రీకి పురుషునికంటె నూటికి ఇరువది పాళ్లు తక్కువ వలయునని పైలెక్కలు చెప్పుచున్నవి. కావున ఆమెకు అన్నియు నూటికి ఇరువది పాళ్లు తగ్గించి వడ్డింపవచ్చునా? కూడదు.

మాంసకృత్తులు పురుషునకు దినమునకు 54 గ్రాములు వలయును; స్త్రీకి సుమారు 46 గ్రాములు వలయును. ఇందు భేదము నూటికి పదునైదు పాళ్లే. అదియు దేహపు బరువులోని భేదమునుబట్టి వచ్చినదే గాని పనినిబట్టి వచ్చినది కాదు. సున్నము, అనగా కాల్షియము, ఇద్దరకును సమానముగా 1000 మిల్లీగ్రాములు వలయును. ఇక ఇనుము విషయమున లెక్క పూర్తిగా తలక్రిందగును. పురుషునకు 19 మిల్లీగ్రాములు చాలును. ఋతుధర్మము గల వయసులోని స్త్రీకి 29 మిల్లీగ్రాములు వలయును. నెలనెలయు రక్తము పోవుటయే దీనికి కారణము.

దీనినిబట్టి తేలిన దేమనగా: తక్కువ శక్తి చాలిన కంచములోనే ఎక్కువ సారము ఇమిడింపవలసి యున్నది. ఇల్లాలి కంచములో అన్నము కొంత తగ్గినను తగ్గవచ్చును గాని పప్పును ఆకుకూరయు పెరుగును తగ్గరాదు. ఆకుకూర ఆమెకు ఒక గరిటె ఎక్కువయే పడవలెను. వడ్డించువారు జ్ఞాపకముంచుకొనవలసిన సూత్రమిది: అన్నము పనినిబట్టి, పప్పుకూరలు సమముగా.

మన యిండ్లలో జరుగుచున్నది దీనికి సరిగా వ్యతిరేకముగా నున్నది. మొదట మగవారు, పిల్లలు, వృద్ధులు భుజింతురు. కూరయు పప్పును ముందుగా నయిపోవును. ఇల్లాలు కడపట కూర్చున్నప్పటికి చట్టియడుగున చారును, జాడీలో పచ్చడియు, కుండలో అన్నమును మిగిలియుండును. ఆమె ఆ యన్నముతోనే కడుపు నింపుకొనును. ఆకలి తీరును, శక్తియు కొంత లభించును, కాని మాంసకృత్తులును ఇనుమును లభింపవు. చూచువారికి ఆమె కడుపునిండ తిన్నట్లే కనబడును. కావుననే ఈ లోపము ఎవరి కంటను బడుట లేదు.

2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనయందు, 15 మొదలు 49 ఏండ్ల వయసుగల స్త్రీలలో నూటికి 57 మందికిని, అదే వయసు పురుషులలో నూటికి 25 మందికిని రక్తహీనత యున్నట్లు తేలినది. ఒకే పొయ్యిమీద వండిన అన్నము తినువారిలో ఇంత భేదము! దీనికి ఋతుస్రావము, కాన్పులు, వట్టికాళ్లతో నడచుటవలన సోకు కొంకిపురుగులు మొదలగు ఇతర కారణములును గలవు. అయినను వడ్డనలోని లోపము మన చేతిలో నున్నది. దానిని నేటిరాత్రియే సవరింపవచ్చును. రక్తహీనత గల మనిషి మెట్టెక్కిన ఆయాసపడును, మధ్యాహ్నమునకే చతికిలబడును. సేద్యపుటింటికి అది ఆరోగ్యనష్టమే గాక పనినష్టము కూడ.

5. ఒక్క దినపు లెక్క

సూత్రము చెప్పి విడిచిన ప్రయోజనము లేదు. కావున ఒక లెక్క వేసి చూపుచున్నాము. ఆలుమగ లిద్దరిలో ఒక్కొక్కరికి దినమునకు ఈ క్రింది వస్తువులు సమముగా పెట్టుకొందము.

పప్పు 80 గ్రాములు. ఆకుకూరలు, కాయగూరలు కలిపి 300 గ్రాములు. పాలుగాని పెరుగుగాని 300 గ్రాములు. నూనె 25 గ్రాములు. వేరుశనగపప్పు 30 గ్రాములు. వీనివలన సుమారు 950 కెలోరీల శక్తియు, 40 గ్రాములకు దగ్గరగా మాంసకృత్తులును లభించును. ఇది మారని భాగము. ఇందు ఆలికి మగనికి భేదము లేదు. పని యున్న దినమునకు లేని దినమునకును భేదము లేదు. గ్రుడ్లు, చేపలు తినువారు వానిని పెట్టుకొన్ననాడు పప్పును కొంత తగ్గించుకొనవచ్చును.

ఇక మిగిలిన శక్తిని బియ్యము, జొన్నలు, రాగులు మొదలగు ధాన్యములనుండి పొందవలెను. 100 గ్రాములకు 350 కెలోరీల చొప్పున లెక్కింపగా, వండకముందు తూచిన ధాన్యము దినమునకు ఈ ప్రకారము తేలుచున్నది.

స్త్రీకి: తేలిక పనియైన 200 గ్రాములు; మధ్యమ శ్రమయైన 340 గ్రాములు; బరువు శ్రమయైన 505 గ్రాములు.

పురుషునకు: తేలిక పనియైన 330 గ్రాములు; మధ్యమ శ్రమయైన 505 గ్రాములు; బరువు శ్రమయైన 720 గ్రాములు.

ఈ ధాన్యమునుండి వచ్చు మాంసకృత్తులను కూడ కలుపుకొన్నయెడల, ఆరు లెక్కలలోను వలసినంత లభించుచున్నవి. ధాన్యము నంతయు బియ్యమే చేయక, ఒక పూట రాగిసంగటిగాని జొన్నరొట్టెగాని గటకగాని పెట్టుకొనుట మేలు. రాగులలో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల సున్నమున్నది. ఏ బియ్యమునను అంత లేదు. బరువు శ్రమ చేయువారు 720 గ్రాముల ధాన్యమును తినుట కష్టమని తోచినయెడల, దానిలో కొంత తగ్గించి, పనినడుమ వేరుశనగలు, నువ్వులు, బెల్లము తినవచ్చును. చిన్నమోతాదులో ఎక్కువ శక్తినిచ్చునవి యివి.

ఇప్పుడీ లెక్కను ఇద్దరకును కలిపి చూతము. నాట్లకాలమున భార్య దినమంతయు నాటు వేయుచున్నది. భర్త నీరు కట్టుట, నారు మోయుట, గట్టు చెక్కుట చేయుచున్నాడు. ఆమెకు 505, అతనికి 505, ఇద్దరకును సమభాగము. ఆ దినములలో ఆమె అన్నము అతని యన్నముకంటె ఏమాత్రమును తగ్గరాదు. కుండలో ఒక కిలో ధాన్యము పడవలెను. పంట యింటికి చేరిన పిమ్మట, భర్తకు పనిలేక అరుగుమీద కూర్చున్న దినములలో అతనికి 330 గ్రాములు చాలును. పశువులపనియు ఇంటిపనియు మానని భార్యకు 340 గ్రాములు వలయును. కుండలో 670 గ్రాములు చాలును. అనగా దినమునకు 330 గ్రాములు, నెలకు సుమారు పదికిలోల ధాన్యము మిగులును. ఆ పదికిలోల వెలను పప్పునకును పాలకును మార్చుకొన్న కుటుంబము, ఖర్చు పెంచకయే భోజనమును బాగుచేసికొన్న దగును.

ఇవి సరాసరి లెక్కలు. 45 కిలోల స్త్రీకి ఇంతకంటె తక్కువయు, 75 కిలోల పురుషునకు ఇంతకంటె ఎక్కువయు వలయును. కావున తుదితీర్పు కాటాదే. నెల కొకసారి ఇద్దరును బరువు చూచుకొనుడు. బక్కగానున్నవారు ఇంకను తగ్గుచున్నను, పొట్ట గలవారు ఇంకను పెరుగుచున్నను అన్నపు కొలతను మార్చుకొనుడు. ఆకలియు కొంతవరకు దారి చూపును గాని, ఏండ్లతరబడి చివరను తిని తన యాకలిని అణచుకొన్న ఇల్లాలి విషయమున దానిని పూర్తిగా నమ్మరాదు.

6. గర్భిణియు బాలింతయు

పైలెక్కలు గర్భము లేని స్త్రీకి వేసినవి. గర్భిణికి దినమునకు 350 కెలోరీలు అదనముగా వలయును. కాన్పైన పిమ్మట పాలిచ్చు తల్లికి మొదటి ఆరునెలలు 600, తరువాతి ఆరునెలలు 520 కెలోరీలు అదనము. అనగా తేలికపని చేయు బాలింతకు సైతము 2260 కెలోరీలు కావలెను. కూర్చున్న భర్తకంటె ఆమెయే ఎక్కువ తినవలెను. మాంసకృత్తులును గర్భము చివరి మూడునెలలలో దినమునకు 22 గ్రాములు, పాలిచ్చు మొదటి ఆరునెలలలో 17 గ్రాములు అదనముగా వలయును.

ఇట్టి సమయమున మన యిండ్లలో రెండు పొరపాట్లు జరుగుచున్నవి. కడుపులో బిడ్డ పెద్దదైన కాన్పు కష్టమగునని గర్భిణికి తిండి తగ్గించుట మొదటిది. పథ్యమను పేర బాలింతకు పప్పు, ఆకుకూర, పెరుగు మాన్పించి, కారపుపొడియు అన్నమును మాత్రమే పెట్టుట రెండవది. పెద్దలు ప్రేమతోనే ఈ పని చేయుచున్నారు. అందు సందేహము లేదు. అయినను పాలిచ్చు గేదెకు తవుడు మాన్పించిన రైతు మన యూళ్లలో ఒక్కడైనను కనబడునా? తల్లి తిన్నదానినుండియే బిడ్డకు పాలు తయారగును; ఆమె తినకున్నను దేహము తన కండను ఎముకను కరగించి బిడ్డకు పాలిచ్చును. నష్టము తల్లికి మిగులును.

2013లో చేయబడిన జాతీయ ఆహారభద్రతా చట్టము ప్రకారము గర్భిణియు, కాన్పు తరువాత ఆరునెలల వరకు బాలింతయు, అంగన్‌వాడీద్వారా ఉచితభోజనమును పొందుటకు హక్కు కలవారు. ఆ భోజనము ఇంటిభోజనమునకు అదనమే గాని బదులు కాదు. అంగన్‌వాడీలో తిన్నది గదా యని ఇంటిలో తగ్గించిన, ప్రభుత్వమిచ్చినదానిని మనమే తీసికొన్నట్లగును. ఆరోగ్య కార్యకర్త లిచ్చు ఇనుపమాత్రలను కూడ మానక వాడవలెను.

7. ఆచరణకు కొన్ని సూచనలు

ఒకటి: వడ్డనకు ముందే పప్పును కూరను పాళ్లుగా విభజించి, ఇల్లాలి పాలును వేరు గిన్నెలో తీసి మూతపెట్టుడు. చివర తిన్నను ఆమె భాగము ఆమెకు దక్కును. ఇద్దరును కలిసి కూర్చుండి తిన్నయెడల ఈ యేర్పాటుకూడ నక్కరలేదు. ఒకరి కంచము మరియొకరి కంటికి కనబడుచుండును.

రెండు: చేనికి పోవు సద్దిమూటలో అన్నము, పచ్చడి మాత్రమే కట్టక, పప్పుగాని ఉడికించిన గుగ్గిళ్లుగాని కట్టుడు. కూలికి పోవు స్త్రీ సద్దికిని ఇదే నియమము.

మూడు: ఆకుకూరలోని ఇనుము దేహమునకు పట్టుటకు నిమ్మ, ఉసిరి, జామవంటి పులుపుపండ్లు తోడ్పడును. భోజనము కాగానే త్రాగు టీ దానికి అడ్డుపడును. కావున కూరపై నిమ్మకాయ పిండుకొనుడు. టీని ఒక గంట వెనుకకు జరుపుడు.

నాలుగు: పొట్ట పెరిగిన భర్త అన్నము తగ్గించుకొనవలసి వచ్చినప్పుడు, భార్యయు అతనితోపాటు తగ్గించుకొనుట ధర్మమని తలపరాదు. అట్లే బక్కపలుచని భర్తకు నెయ్యి పెంచినప్పుడు, బరువైన భార్య తానును పెంచుకొననక్కరలేదు. కలిసి తినుట వేరు. ఒకరినొకరు అనుకరించి తినుట వేరు.

ఐదు: ఏబది, అరువది ఏండ్లు దాటినవారికి పని తగ్గును, అన్నపు అవసరమును తగ్గును, పప్పు, పాల అవసరము తగ్గదు. వృద్ధదంపతులు చారన్నముతో సరిపెట్టుకొనరాదు. మధుమేహము, మూత్రపిండముల వ్యాధి గలవారు వైద్యుని సలహా లేక ఈ కొలతలను అనుసరింపరాదు.

ఆరు: కొలత తెలియుటకు ఇంట కాటా అవసరము లేదు. ఒకసారి సంఘపు కాటామీద 100 గ్రాముల బియ్యమును, 80 గ్రాముల పప్పును తూయించి, ఇంటి గిన్నెలో పోసి, అది వచ్చినచోట గీత పెట్టుకొనుడు. ఆ గీతయే యెప్పటికిని మీ కొలపాత్ర.

8. రెండు ఆక్షేపణలు

పప్పును పాలును కొనుటకు డబ్బెక్కడిదని కొందరందురు. ఇద్దరికి 80 గ్రాముల చొప్పున నెలకు పప్పు ఐదుకిలోలకు లోపలనే యగును. పనిలేని నెలలలో మిగులు ధాన్యమే కొంత వెల నిచ్చునని పైన చూపితిమి. గట్లమీద కందిచెట్లు, పెరటిలో మునగచెట్టు, తోటకూరమడి వేసికొన్నవారికి ఈ ఖర్చు ఇంకను తగ్గును. సభ్యులు పదిమంది చేరి పంటకాలముననే కందులు సంఘముద్వారా కలిసి కొని, పప్పు పట్టించి పంచుకొన్నయెడల చిల్లర యంగడి వెల తప్పును. ఇట్టి పనులకే గదా సంఘము లేర్పడినవి.

భర్త తినకముందు భార్య తినుట మర్యాద కాదని మరికొందరందురు. ముందు తినుమని మేము చెప్పుట లేదు. కలిసి తినుడని చెప్పుచున్నాము. అదియు ఇష్టము లేనివారు ఆమె పాలును ముందు తీసియుంచుడని చెప్పుచున్నాము. మర్యాదకు దీనివలన లోపము లేదు. యజమానుడు తన నోటితో, "నీ పప్పు తీసి పెట్టుకొంటివా?" అని దినమున కొకసారి అడిగిన చాలును, ఏ యత్తగారును కాదనదు.

ఎద్దునకు పనినిబట్టి ఉలవలు పెట్టు చేయి, మనిషికి పనినిబట్టి అన్నము పెట్టుట కష్టము కాదు. అలవాటు పడుటకు ఒక నెల చాలును. సభ్యులందరును ఈ నెల మొదటి తేదీనుండి తమ యిండ్లలో ఈ కొలత నారంభింపవలసినదని కోరుచున్నాము.

సంఘసమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మీ యింటిలో గడచిన వారమున కడపట భోజనము చేసిన దెవరు? అప్పటికి పప్పు, కూర మిగిలియుండెనా?

2. మీ గ్రామమున నాట్లకాలమునను, కోతల పిమ్మటను స్త్రీపురుషుల పనులు పై మూడు మెట్లలో దేనికి చెందును?

3. భర్తకు తేలిక పని, భార్యకు మధ్యమ శ్రమ యైనయెడల, కుండలో ఎన్ని గ్రాముల బియ్యము పోయవలెను? ఎవరికెంత?

4. ఇనుము స్త్రీకే యెక్కువ వలయుటకు కారణమేమి? మీ పెరటిలో దానినిచ్చు కూర లేవి గలవు?

5. పంటకాలమున కందులను కలిసి కొనుటకు మీ సంఘమున ఎందరు సభ్యులు చేరుదురు?